అల్యూమినియం బాడీ హెవీ డ్యూటీ పికప్: యజమానుల మాటల్లో దేనికి ఎంత విలువ ఇవ్వాలి?

నమస్కారం. డాలస్‌కు ఉత్తరాన కొంత భూమి తీసుకుని ఆవులు పెంచుతున్నారనీ, నిండు లోడుతో 12,000 పౌండ్లు తూగే గూస్‌నెక్ (బండి వెనక సరుకు తొట్టి, అంటే బెడ్ మధ్యలోని బాల్‌కు తగిలించే) పశువుల ట్రైలరును లాగడానికి 2019–2021 మధ్య మోడలు డీజిల్ ఫోర్డ్ ఎఫ్-250 ఒకటి చూసి పెట్టుకున్నారనీ రాశారు. దాని బాడీ అల్యూమినియమని తెలిసి మీ మామగారు “సత్తు గిన్నెలా సొట్టలు పడే బండి మనకెందుకు” అంటున్నారనీ, సొంతదార్ల అభిప్రాయాలు వెతికితే కొందరు ఆకాశానికెత్తుతూ, కొందరు బీరు డబ్బా అని వెక్కిరిస్తూ కనబడ్డారనీ, ఎవరి మాట నమ్మాలో తేలడం లేదనీ అడిగారు. మీ ప్రాంతంలోనే ఏళ్ల తరబడి కంచె పనులు, సరుకు రవాణా చేయిస్తున్నాను. మా యార్డులో పాత ఉక్కు బాడీ సూపర్ డ్యూటీలూ (ఎఫ్-250, ఎఫ్-350 లాంటి ఫోర్డ్ హెవీ డ్యూటీ పికప్పుల వరస పేరు అది), కొత్త అల్యూమినియం బాడీవీ పక్కపక్కనే పనిచేస్తున్నాయి కాబట్టి, రెంటి ఖర్చూ చూసినవాడిగా జవాబు రాస్తున్నాను.

నా అభిప్రాయం ముందే చెబుతాను. బాడీ ఏ లోహంతో చేశారన్నది ఆ బండి ఎంత లాగుతుందో నిర్ణయించదు. మీ జేబులోంచి డబ్బు ఏ దారిన పోతుందో మాత్రం మారుస్తుంది. ఉక్కు బాడీకి డబ్బు తుప్పు దారిన పోతుంది, అల్యూమినియం బాడీకి రిపేరు దారిన పోతుంది. అందుకే మిషిగన్, ఒహాయో లాంటి చోట్ల చలికాలమంతా ఉప్పు చల్లిన రోడ్ల మీద తిరిగేవాళ్లు ఈ బండిని మెచ్చుకుంటారు, వడగళ్లు పడే టెక్సాస్, ఓక్లహోమా వాళ్లు గొణుగుతారు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. మీరు ఎక్కడ ఉన్నారు, ఏం మోస్తారు అన్నదాన్ని బట్టి ఆ మాటలు మీకు వర్తించడమో, వర్తించకపోవడమో ఉంటుంది.

ఫోర్డ్ తన తేలిక పికప్ ఎఫ్-150 2015 మోడలుతో అల్యూమినియం బాడీ మొదలుపెట్టి, 2017 మోడలుతో దాన్ని సూపర్ డ్యూటీకి తెచ్చింది. అల్యూమినియం అయింది క్యాబిన్, తలుపులు, హుడ్, ఫెండర్లు, వెనక బెడ్ మాత్రమే. వీటన్నిటినీ మోసే ఫ్రేము ఉక్కుదే. పైగా పాత బండిలో వెనక భాగం ఒక వైపు తెరిచి ఉన్న సి ఆకారపు ఉక్కు కాగా, 2017 నుంచి పికప్పులకు ఫ్రేము ఆ చివరి నుంచి ఈ చివరి దాకా పెట్టెలా మూసిన నిర్మాణంగా మారింది. ఇరుసులు, స్ప్రింగులు, హిచ్చి (ట్రైలరు తగిలించే కొక్కెం), గూస్‌నెక్ బాల్ బిగించే చోటు, అన్నీ ఉక్కే. మీ ట్రైలరు బరువంతా ఆ ఉక్కు మీదే పడుతుంది. లాగేటప్పుడు అల్యూమినియానికి దానితో పని లేదు. “అల్యూమినియం బండితో ఆవుల్ని లాగుతావా” అని ఎవరైనా ఎగతాళి చేస్తే, పీటర్‌బిల్ట్, కెన్‌వర్త్ పెద్ద ట్రక్కుల క్యాబిన్లు దశాబ్దాలుగా అల్యూమినియంతోనే వస్తున్నాయనీ, అమెరికా సైన్యపు హంవీ బాడీ కూడా అదే లోహమనీ గుర్తుచేయండి. ఇక ఫోర్డ్ ప్రకటనల్లో వినిపించే “మిలిటరీ గ్రేడ్” అన్న మాటకు ఏ కొలతా లేదు. దాన్ని పట్టించుకోనక్కర్లేదు.

బరువు సంగతిలోనే కొనేవాళ్లు ఎక్కువగా పొరబడతారు. ఎఫ్-150లో అల్యూమినియం వల్ల 700 పౌండ్ల దాకా బరువు తగ్గిందని కంపెనీ చెప్పింది. సూపర్ డ్యూటీలో తగ్గింది మాత్రం 350 పౌండ్ల దాకానే, అంటే దాదాపు 160 కిలోలు. బాడీలో తగ్గిన బరువులో కొంత భాగాన్ని మరింత దిట్టమైన ఫ్రేముకూ, ఇరుసులకూ, బ్రేకులకూ, లాగే సరంజామాకూ తిరిగి ఖర్చుపెట్టారు. నా దృష్టిలో అది సరైన నిర్ణయమే. పని చేసే బండికి తేలిక కన్నా గట్టి ఫ్రేము ముఖ్యం. అయితే “అల్యూమినియం కాబట్టి ఎక్కువ మోస్తుంది” అనుకుని కొన్నవాడికి మాత్రం నిరాశ తప్పదు. డీజిల్ క్రూ క్యాబ్ (నాలుగు తలుపుల) ఫోర్ వీల్ డ్రైవ్ బండి ఖాళీగానే 7,000 పౌండ్లు దాటుతుంది. మీరు చూస్తున్న ఏళ్లలో చాలా ఎఫ్-250లకు నిండు బరువు పరిమితి 10,000 పౌండ్లు. మిగిలింది ఎంతో లెక్క కట్టుకోవడం కాకుండా, డ్రైవరు తలుపు తెరిస్తే స్తంభం మీద కనబడే టైర్ల స్టిక్కరు చదవండి. మనుషులు, సరుకు కలిపి ఎన్ని పౌండ్లు మించకూడదో ఆ ఒక్క బండికి సంబంధించి అందులో రాసి ఉంటుంది. ఖరీదైన ట్రిమ్, సన్‌రూఫ్, డీజిల్ ఇంజను కలిసే కొద్దీ ఆ అంకె పడిపోతుంది.

మీ ట్రైలరుకు ఈ లెక్క వర్తింపజేస్తే విషయం తేటపడుతుంది. గూస్‌నెక్ ట్రైలరు తన బరువులో 20 నుంచి 25 శాతం బండి బెడ్ మీద మోపుతుంది. 12,000 పౌండ్లలో అది 2,400 నుంచి 3,000 పౌండ్లు. దాని మీద మీరు, మీ మామగారు, పనిముట్ల పెట్టె, హిచ్చి బాల్, కుక్క. హంగులు ఎక్కువున్న ఎఫ్-250 డీజిల్ స్టిక్కరు ఈ బరువును ఒప్పుకోకపోవచ్చు. అదే ఏడాది ఎఫ్-350 సింగిల్ రియర్ వీల్ (వెనక ఒక్కో వైపు ఒక్కో చక్రమే ఉన్న) బండి తేలిగ్గా ఒప్పుకుంటుంది, పాత బండ్ల ధరలో తేడా కూడా పెద్దగా ఉండదు. లోహం గురించి మీ ఇంట్లో జరుగుతున్న చర్చ కన్నా ఈ 250, 350 చర్చ మీకు ఎక్కువ అవసరమని నా ఉద్దేశం. నిజంగా బరువు తగ్గించుకోవాలని ఉంటే అల్యూమినియం ట్రైలరు చూడండి. బండి బాడీలో తగ్గేదానికన్నా అక్కడ తగ్గేది ఎక్కువ. పశువుల మూత్రం, పేడ ఉక్కు ట్రైలరు నేలను ఎలా తినేస్తాయో మీకు తెలుసు. అల్యూమినియం నేల కూడా చాపలు ఎత్తి కడక్కపోతే పాడవుతుంది, అది వేరే సంగతి.

మైలేజీ గురించి యజమానులు చెప్పే అంకెల మీద ఆధారపడకండి. 8,500 పౌండ్ల పరిమితి దాటిన పికప్పులకు ప్రభుత్వ మైలేజీ స్టిక్కరే ఉండదు, కాబట్టి పాత ఉక్కు బండితో పోల్చడానికి అధికారిక లెక్కంటూ లేదు. ట్రైలరు లాగేటప్పుడు గాలి నిరోధమూ, మీ కాలి బరువూ తేల్చే విషయంలో 350 పౌండ్ల పాత్ర చాలా చిన్నది.

ఇప్పుడు సొట్టలు. ఒకే పరిమాణంలో తీసుకుంటే అల్యూమినియం బరువు ఉక్కులో దాదాపు మూడో వంతు, వంగకుండా నిలిచే బిగువు కూడా సుమారు మూడో వంతే. అందుకే ఉక్కు రేకు ఉన్న చోట అంతే మందం అల్యూమినియం వేయరు, మందం పెంచుతారు. దుకాణం ముందు బండి తలుపు తగిలితే పడే చిన్న దెబ్బల విషయంలో మా యార్డులో రెండు రకాల బండ్లకూ నాకు తేడా కనబడలేదు. తేడా కనబడేది బెడ్ నేలలో, కోసుగా ఉన్న బరువు ఎత్తు నుంచి పడినప్పుడు. 2016లో షెవర్లే తన ప్రకటనల్లో 825 పౌండ్ల తోటరాళ్లను ఒక్కసారిగా తన ఉక్కు బెడ్‌లోకీ, ఎఫ్-150 అల్యూమినియం బెడ్‌లోకీ కుమ్మరించి చూపించింది. ఉక్కుకు సొట్టలు పడితే అల్యూమినియానికి చిల్లులు పడ్డాయి. ఆ ప్రకటన అమ్మకం కోసం చేసిందే, అందులో ఉన్నది హెవీ డ్యూటీ బండి కూడా కాదు, అయినా అందులోని భౌతికశాస్త్రం అబద్ధం కాదు. ఉక్కు సాగి వంగుతుంది, పదునైన దెబ్బకు అల్యూమినియం చిరిగే అవకాశం ఎక్కువ. తమాషా ఏమిటంటే 2019 మోడలు నుంచి అదే షెవర్లే తన సిల్వరాడో 1500 హుడ్, తలుపులు, టెయిల్‌గేటు అల్యూమినియంతో చేస్తోంది, బెడ్ మాత్రం ఉక్కే ఉంచింది.

మీ పనికి దీని అర్థం ఇది: బెడ్‌లో స్ప్రే లైనరు (లోపల కొట్టే మందపాటి రక్షణ పూత) లేని బండి కొంటే మొదటి వారంలోనే కొట్టించండి, దాని మీద మందపాటి రబ్బరు చాప పరచండి. లోడరుతో రాళ్లు, విరిగిన కాంక్రీటు ఎత్తి పోయించుకునే అలవాటు ఉంటే ఆ పనికి డంప్ ట్రైలరు వాడండి. గుండ్రటి గడ్డి మోపులు ఎత్తే బేల్ బెడ్ పెట్టించుకునేవాళ్లు ఫ్యాక్టరీ బెడ్‌ను ఎలాగూ విప్పి అమ్మేస్తారు. అప్పుడు ఈ చర్చ సగం తీరిపోతుంది, ఎందుకంటే మిగిలే అల్యూమినియం క్యాబిన్ ఒక్కటే.

ఈ ప్రాంతంలో ఉన్నవాడిగా నేను అల్యూమినియానికి వ్యతిరేకంగా చెప్పే గట్టి కారణం వడగళ్లు. ఏటా వసంతంలో డాలస్ పరిసరాల్లో ఏదో ఒక మధ్యాహ్నం ఆకాశం ఆకుపచ్చగా మారి, నిమ్మకాయంత గడ్డలు పడతాయి. అలాంటి వాన తర్వాత మా బండి ఒకదాన్ని అంచనా కోసం తీసుకువెళితే, పనివాడు చారల వెలుగు పలకను హుడ్ మీద వాల్చి, చార ఎక్కడ వంకర తిరుగుతుందో అక్కడల్లా మైనపు పెన్సిలుతో చిన్న సున్నా చుట్టుకుంటూ పోయాడు. మామూలు కళ్లకు కనబడినవి పదీ పన్నెండైతే, పలక కింద హుడ్ నిండా సున్నాలే. తర్వాత జేబులోంచి అయస్కాంతం తీసి ఫెండరుకు ఆనించాడు, అది అతుక్కోలేదు, కాగితం మీద మరో గడిలో టిక్కు పెట్టాడు. ఆ టిక్కు ఖరీదు తర్వాత తెలిసింది. పెయింటు చెడకుండా వెనక నుంచి నెట్టి సొట్ట తీసే పనికి, అల్యూమినియం పలకలకు మామూలు రేటు మీద దాదాపు 25 శాతం అదనంగా వేయడం ఆ వృత్తిలో ఆనవాయితీ. అల్యూమినియం ఉక్కులా తన పాత ఆకారానికి తిరిగి రాదు, నిదానంగా వేడి చేస్తూ కొంచెం కొంచెంగా నెట్టాలి, ఎక్కువ నెడితే పగులుతుంది.

పెద్ద దెబ్బలకైతే తేడా ఇంకా ఉంటుంది. ఈ బాడీలను ఎక్కువగా వెల్డింగుతో కాకుండా రేకును గుచ్చుకుని దిగే రివెట్లతోనూ, నిర్మాణపు జిగురుతోనూ కలుపుతారు. విప్పి కలపడానికి ప్రత్యేకమైన రివెట్ తుపాకీ, దానికి తర్ఫీదు పొందిన మనిషి కావాలి. ఉక్కు రజను అల్యూమినియంలో దిగబడితే అక్కడే తినడం మొదలవుతుంది కాబట్టి పనిముట్లు వేరుగా, వీలైతే పని చేసే చోటు కూడా తెర కట్టి వేరుగా ఉంచాలి. అల్యూమినియం ధూళికి నిప్పు ప్రమాదమూ ఉంది. వేడి చేసి సాగదీసి సరిచేసే పాత పద్ధతి ఇక్కడ బలం తగ్గిస్తుంది, అందుకే బాగుచేయకుండా పలక మార్చేయడమే ఎక్కువ. 2015లో బీమా సంస్థల పరిశోధనాలయమైన ఐ.ఐ.హెచ్.ఎస్. తక్కువ వేగపు ఢీ పరీక్షలు చేసినప్పుడు, అల్యూమినియం ఎఫ్-150 రిపేరు ఖర్చు అంతకు ముందరి ఉక్కు ఎఫ్-150 కన్నా 26 శాతం ఎక్కువ తేలింది. అప్పటి నుంచి అల్యూమినియం పని వచ్చిన షాపులు బాగా పెరిగాయి, ఈ రోజు డాలస్‌లో దొరకడం కష్టం కాదు. కానీ మీ ఊళ్లో పాతికేళ్లుగా మీ బండ్లు చేసే షాపతను అదే పని చేయగలడో లేదో కొనడానికి ముందే అడగండి.

తుప్పు విషయంలో వాదన అవతలి వైపు ఒరుగుతుంది. 2016 వరకూ వచ్చిన సూపర్ డ్యూటీలు ఉత్తరాది రాష్ట్రాల్లో ఎలా చచ్చిపోతాయో చూసినవాళ్లకు ఈ మార్పు విలువ తెలుస్తుంది: క్యాబిన్ వెనక మూలలు, తలుపుల కింది గడపలు, వెనక చక్రాల మీది వంపులు ముందు ఉబ్బి, తర్వాత జల్లెడైపోతాయి, ఇంజను మాత్రం ఇంకో లక్ష మైళ్లకు సిద్ధంగా ఉంటుంది. అల్యూమినియం బాడీ ఆ చావును తప్పిస్తుంది. అయితే దాని కింద ఉన్న ఫ్రేము, బ్రేకు గొట్టాలు, స్ప్రింగు కొక్కేలు ఉక్కువే, అవి మామూలుగానే తుప్పు పడతాయి. ఇక్కడే కొత్త మోసం ఒకటి ఉంది. పాత ఉక్కు బండి అయితే బాడీ చూడగానే కింది ఫ్రేము పరిస్థితి ఊహించవచ్చు. అల్యూమినియం బండి పైకి తళతళలాడుతూనే కింద ఫ్రేము పొరలు పొరలుగా ఊడుతూ ఉండొచ్చు. ఒహాయో నుంచి వేలంలో కొని టెక్సాస్‌లో అమ్మే బండ్లు తక్కువేమీ కాదు. కాబట్టి బండి ఏ రాష్ట్రాల్లో తిరిగిందో రికార్డు తీయించండి, లిఫ్టు మీద ఎత్తించి టార్చి లైటుతో చూడండి.

అల్యూమినియానికీ చెడిపోయే గుణం ఉంది. ఉక్కూ అల్యూమినియమూ నేరుగా తాకుతూ మధ్యలో తడి, ఉప్పు చేరితే, రెండింట్లో అల్యూమినియమే తనను తాను కోల్పోతుంది. ఫ్యాక్టరీలో ఇలాంటి చోట్ల పూతలు, ప్లాస్టిక్కు అడ్డాలు పెడతారు. ఇబ్బంది వచ్చేది తర్వాత మనం బిగించే వాటితో. మా ఒక బండి బెడ్ అంచుకు ఒక షాపులో పనిముట్ల పెట్టె బిగించారు, వట్టి ఉక్కు బోల్టులు, వట్టి ఉక్కు వాషర్లు. ఒక చలికాలం దాటాక పెట్టె విప్పితే ప్రతి రంధ్రం చుట్టూ అర్ధరూపాయంత మేర పెయింటు లేచి, కింద సున్నం లాంటి తెల్లని పొడి కనబడింది. నైలాన్ వాషర్లు వేసి, రంధ్రం అంచుకు ప్రైమరు పూసి, పూత ఉన్న బోల్టులు వాడి ఉంటే అది వచ్చేది కాదు. కాబట్టి పాత బండిలో హెడెక్ రాక్ (క్యాబిన్ వెనక అద్దానికి అడ్డుగా బిగించే చట్రం), పెట్టె, లైటు బద్దె, గ్రిల్ గార్డు ఎక్కడ బిగించి ఉన్నా ఆ బోల్టు చుట్టూ వేలితో తడిమి చూడండి. బుడగలా తగిలితే ధర తగ్గించమని అడగడానికి అది న్యాయమైన కారణం. హుడ్ ముందు అంచు మడత కింద కూడా చూడాలి, అల్యూమినియం హుడ్‌లలో పెయింటు బుడగలు మొదట అక్కడే లేస్తాయి. మీరు అదనంగా లైట్లు పెట్టించుకుంటే గ్రౌండు తీగను దొరికిన చోట బాడీకి బిగించనివ్వకండి, ఫ్యాక్టరీ ఇచ్చిన గ్రౌండు బిందువులకే కలపమనండి. 2017 నుంచి కొన్ని బండ్లలో తల మీద వరసగా ఉండే ఆరు అప్‌ఫిటర్ స్విచ్చులు సరిగ్గా ఇలాంటి వాటి కోసమే.

చిన్న అసౌకర్యం ఒకటి నవ్వు తెప్పిస్తుంది కానీ నిజం: తలుపుకు అతికించే అయస్కాంతపు బోర్డు, అయస్కాంతపు యాంటెన్నా, రాత్రి పనిలో ఫెండరుకు తగిలించుకునే లైటు, ఇవేవీ దీనికి అతుక్కోవు.

నా అనుభవంలో ఈ బండ్ల మీద నిజంగా జేబు ఖాళీ చేసేవి అల్యూమినియానికి సంబంధం లేనివి. పక్క లేనులో బండిని పసిగట్టే రాడార్ దాచిన ఎల్.ఈ.డి. వెనక లైటు ఒకటి పగిలితే దాని ధర విని బెడ్ పక్క పలకే చవకనిపిస్తుంది, పైగా దొంగలకు కూడా ఆ ధర తెలుసు. డీజిల్‌లో అధిక పీడనపు ఇంధన పంపు పాడైతే దాని లోహపు రజను ఇంధన వ్యవస్థ అంతటా పాకి, ట్యాంకు నుంచి ఇంజెక్టర్ల దాకా మార్చాల్సి రావచ్చు. అందుకే ఇంధన ఫిల్టర్లు ఎప్పుడు మార్చారో కాగితాలు ఉన్న బండికి, లేని బండికన్నా నేను ఎక్కువ ధర పెడతాను. గుంత మీదుగా పోయినప్పుడు ముందు ఇరుసు నుంచి స్టీరింగ్‌లో వణుకు వస్తుందేమో హైవే వేగంలో నడిపి చూడాలి.

లోహం గురించి మీ మామగారి మనసు అసలు ఒప్పుకోకపోతే, 2019లో మారిన రామ్ హెవీ డ్యూటీ, 2020లో మారిన షెవర్లే, జి.ఎం.సి. హెవీ డ్యూటీ బండ్లు ప్రధానంగా ఉక్కు బాడీవే, మూడూ మీ ట్రైలరును లాగుతాయి. రామ్ హుడ్ మాత్రం అల్యూమినియమేనని ఆయనకు ముందే చెప్పండి. ఉప్పు రోడ్లు లేని మన ప్రాంతంలో ఉక్కు బాడీ తీసుకోవడం తెలివితక్కువేమీ కాదు. నేనైతే మీ చోట ఉండి, షెడ్డు ఉన్నా లేకపోయినా, ఫ్రేము శుభ్రంగా ఉన్న టెక్సాస్ ఎఫ్-350 దొరికితే అల్యూమినియమని వెనకాడను. షెడ్డు లేకపోతే మాత్రం కొన్న ఏడాదే ఒక కప్పు వేయించుకుంటాను.

కొనే ముందు ఆ బండి విన్ నంబరు (ఒక్కో బండికి ఉండే గుర్తింపు నంబరు) మీ బీమా ఏజెంటుకు ఇచ్చి, వడగళ్లు కలిసే కాంప్రిహెన్సివ్ ప్రీమియం ఎంత, డిడక్టిబుల్ (రిపేరులో ముందు మీ జేబులోంచి పెట్టుకోవాల్సిన మొత్తం) ఎంత అని అడగండి. డిడక్టిబుల్ డాలర్లలో ఉందా, బండి విలువలో శాతంగా ఉందా అన్నది కూడా తేల్చుకోండి. తర్వాత అదే ప్రశ్న ఉక్కు బాడీ ఉన్న బండి నంబరుతో అడగండి. ఆ రెండు అంకెలూ, తలుపు స్తంభం మీది స్టిక్కరు ఫోటో, ఫ్రేము కింద తీసిన రెండు మూడు ఫోటోలు ఇక్కడ పెడితే ఆ ఫలానా బండి తీసుకోవచ్చో లేదో చెప్పగలను.